నీరు పల్లమెరుగు

రాత్రి ఒంటిగంటకు ఆఖరి బండి వెళ్ళిపోయాక
సొరంగం నాది.
తలకో లైటు, చేతిలో చిన్న సుత్తి,
నెత్తిన కొండ, కొండ మీద అడవి,
అడవి మధ్యలో గున్వోర్ గారి కుంట.

పగలు ఇదే దారిలో
ఓస్లో నుంచి విమానాశ్రయానికి పంతొమ్మిది నిమిషాలు.
స్కీ సంచులు, మడతపెట్టిన కోట్లు,
పాస్‌పోర్టు ఉందో లేదో జేబు తడుముకునే చేతులు.
కడుపులో చల్ల కదలదు.
మూత తీసిన కాఫీ ఒలకదు.
చెవులు ఒక్కసారి దిబ్బడేసి వదులుతాయి.
అంతే, కొండంటే అదే.
గమనించేది చంటిపిల్లలే, ఏడుస్తారు.

తవ్విన ఏడాది
కొండ ముందు చెమర్చింది, తర్వాత కారింది.
పైన కుంట దిగడం మొదలైంది.
మొదట బెత్తెడు, ఆపైన మోకాలిలోతు,
చివరికి చెక్క రేవు
దారితప్పిన కొంగలా బురదలో కాళ్ళన్నీ బయటపెట్టి నిలబడింది.
సభ పెట్టారు. మ్యాపులు పరిచారు.
నీళ్ళెటు పోయాయని అడిగితే
ఇంజనీర్లు నీళ్ళు నమిలారు.
"నమిలేవి నా కుంటవేనా?" అంది వెనక బెంచీలోంచి గున్వోర్.
ఎవరూ నవ్వలేదు. నేను నవ్వాను.
అలా పరిచయం.

అప్పట్నుంచి ప్రతి గురువారం ఫోను.
గీతలు గీసిన కర్ర ఆవిడది,
బకెట్టూ గడియారమూ నావి.
"హాల్వార్, ఇవాళ రెండు వేళ్ళు తగ్గింది."
"ఇక్కడ నిమిషానికి నలభై చుక్కలండీ."
ఒకే రోగికి
పైనుంచి ఒకరం, కిందినుంచి ఒకరం
నాడి పట్టుకున్నట్టు.

ఆ రైలు మాత్రం చచ్చినా ఎక్కనంది.

ఒక ఆగస్టులో
గురువారం కాని రోజున ఫోను.
"బూటు దొరికింది."
ఏ బూటు?
మంచు మీద జారే బూటు, ఎడమకాలిది.
తొమ్మిదేళ్ళప్పుడు, పందెం ఓడిన ఉక్రోషంలో
చేపల కోసం తొలిచిన మంచుకన్నంలోకి తనే విసిరేసింది.
ఇంట్లో మాత్రం
పక్కింటి ఓడ్వార్ ఎత్తుకుపోయాడని చెప్పింది.
వాడు కాదన్నాడు. ఎవరూ నమ్మలేదు.
వాళ్ళ నాన్న బెల్టు చప్పుడు
చలికి మూసిన రెండు కిటికీలు దాటి వచ్చింది.
అరవైమూడేళ్ళు కుంట ఆ మాట కడుపులో పెట్టుకుంది,
చేపలతో కూడా అనలేదు.

నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు అంటారు.
ఇక్కడ పల్లం మేం తవ్వాం.
నీరు దాన్ని ఎరిగింది.
నిజం బురదలో మడమ పైకెత్తి పడుంది.
దేవుడి ప్రమేయం సంగతి నాకు తెలీదు.

ఓడ్వార్ ఇప్పుడు ఎక్కడో ఉత్తరాన, ట్రోమ్సోలో.
ఊపిరితిత్తులు బాగాలేవట.
ఆగి ఆలోచించే వ్యవధి ఆయనకూ లేదు, ఈవిడకూ లేదు.

సెలవు పెట్టి ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళాను.
ఒళ్ళో ఉన్నిశాలువలో చుట్టిన ఎడమ బూటు,
తుప్పు మరక శాలువ మీదికి అప్పుడే దిగింది.
"నా కుంట కిందికి రాగానే చెప్పు" అంది.
అంటే నేనూ ఎక్కాలి. ఎక్కాను.

సొరంగంలో కిటికీ అద్దమైంది.
అద్దంలో ఆవిడ, ఆవిడ భుజం వెనక నేను.
"ఇదిగో" అన్నాను.
ఆ మాట నోట్లోంచి పూర్తిగా వచ్చేసరికే
కుంట వెనకబడిపోయింది.
"ఇంతేనా?"
"ఇంతేనండీ."
ఆవిడ చెవి నొక్కుకుంది.

అక్కడేం జరిగిందో నాకు తెలీదు.
బూటు వదిలి వచ్చిందో, తిరిగి తెచ్చిందో
అడగలేదు.

పగుళ్ళలో సిమెంటు కుక్కుతూనే ఉన్నాం.
చుక్కలు పదకొండుకు దిగాయి.
ఆ గురువారం ఫోను మామూలుగానే వచ్చింది.
"హాల్వార్, వేలెడు పెరిగింది."
కాసేపు
కర్ర నీళ్ళలోంచి పైకి తీస్తున్న చప్పుడు.
"ఇంక పెరగనీ."