తూకంలో వెయ్యని సంచిక

మూడు లాంతర్ల దగ్గర మలుపు తిరిగి
కోటగోడ వెంట కాస్త లోపలికి పోతే
తవిటమ్మ పాత కాగితాల కొట్టు.
ఆదివారాలు నేనక్కడే దొరుకుతాను, గొంతుక్కూర్చుని.

"అందరూ సినిమా బొమ్మలేరతారు.
నువ్వేటి బావూ, గంజాయి బొమ్మలేరతావు?"
అంటూ తక్కెట్లో రాయి వేస్తుంది.

ఎక్సైజు ఆఫీసులో టైపు కొట్టినవాణ్ణి.
నా మిషను మీద అన్నిటికన్నా ముందు
అరిగిపోయిన అక్షరం 'గ'.
ఆ మాట గురించి లోకం
ఏ యేడు ఏమనుకుందో చూద్దామని, అదీ నా పిచ్చి.

ఇదిగో, అరవై ఎనిమిది నాటి వారపత్రిక:
కొండగుహ ముందు సాధువు, చిలుం గొట్టం, పొగ.
రాసినవాడు చేతులు జోడించే రాశాడు.
డెబ్బై మూడు: పూసల దండల తెల్లవాళ్ళు, సముద్రపు ఒడ్డు.
'యువతరం ఎటు?' అని వాపోయి
పక్క పేజీ నిండా సిగరెట్టు ప్రకటన, రంగుల్లో.
ఎనభై అయిదు: కొత్త చట్టం.
అరకాలమ్. టైర్ల బొమ్మ కింద నలిగి ఉంది.
మొన్నమొన్నటిది నున్నటి కాగితం:
ఎక్కడో చలిదేశంలో గాజుసీసాల్లో అమ్ముతున్నారట,
మందని ఒక పేజీ, మదుపని ఇంకో పేజీ.

వేపాకు వేసి ఏళ్ళవారీగా పేర్చాను.
వెండిపురుగుకి ఏ చట్టమైనా ఒకటే రుచి.

రెండువేల మూడులో ఒక్క సంచిక దొరకలేదు.
మొన్న ఆమె బల్ల కింద, పాలిథిన్ కవర్లో కనబడింది.
చెయ్యి చాపితే
"అది తూకంలో ఎయ్యను బావూ" అంది.

విప్పి చూపించింది మాత్రం.
చెక్‌పోస్టు. బస్తాలు. మీసాలు సవరించుకుని పోలీసులు.
నేలమీద ఇద్దరు, నల్లగుడ్డ కప్పుకుని.
గుడ్డ మొహాలకే. కాళ్ళకి లేదు.
చిటికెనవేలు లేని ఒక ఎడమపాదం మీద
ఆమె వేలు ఆగింది.
"సిన్నప్పుడు నాగలి కర్రు తగిలి తెగిపోనాది.
మా అసిరిగాడు. ఆడిది ఇదొక్కటే ఫొటో."

ఎన్నేళ్ళు పడిందని అడగలేదు.
కిలోలను బట్టి ఏళ్ళు.
కిలోల అంకె దగ్గర
కార్బన్ కింద మూడు కాపీలకీ దిగేలా గట్టిగా కొట్టాలి.
అలా నేర్పారు మాకు.
ఆ యేడు కుర్చీలో ఉన్నది నేనే.

"కింద ఏటి రాసినారు బావూ?"

'ఇద్దరు నిందితులు' అని ఉంది, అంతే.
కళ్ళజోడు తుడుచుకున్నాను.
"అసిరయ్య అని రాశారు" అన్నాను.

ఇంటికొచ్చి, అలమరలో
రెండుకీ నాలుగుకీ నడుమ కాస్త జరిపాను,
చిటికెనవేలు పట్టేంత.