ఉంగరపు వేలు

షార్జా దాటితే సజ్జా.
పేరుకే సజ్జ, గింజ మొలవదు.
షెడ్లు మొలుస్తయి, సిమెంటు మిల్లులు మొలుస్తయి,
మా గదిల మంచం మీద మంచం మొలిచింది.

శుక్రవారం వంటగది ఖాళీ ఉన్న టైం జూసి
రాజలింగం నా ఎడమచెయ్యి ఉంగరపు వేలు
ఐసుగడ్డల గిన్నెల ముంచి
మొద్దువారిందా అని మూడుసార్లు అడిగిండు.
డెట్టాల్, కొత్త బ్లేడు, స్టవ్వు మంట మీద కాల్చిన పట్టుకారు.
ఆర్మూర్ల ఫోన్లు బాగుజేసిన చెయ్యి వాడిది,
ఇక్కడ సలాకలు వంచుతది.
"ఇది డాక్టర్ పని గదరా" అన్న.
"డాక్టర్ చెయ్యనంటడు గాబట్టే నేను" అన్నడు.

నేను కుక్కర్ దిక్కు జూసుకుంట విజిళ్లు లెక్కవెట్టిన.
నాలుగో విజిల్‌కు
బియ్యపు గింజంత సూదంటురాయి
తోలు కింద పండుకున్నది.
రెండు కుట్లు. ఒక గుడ్డపేలిక.
ఆ పప్పే తిన్నం ఇద్దరం, కుడిచేత్తోని.

నెల దాకా సలుపు తప్ప ఏం లేదు.
ఒక రాత్రి మైక్రోవేవ్ ముందర నిలవడితే
వేలు లోపల మెదిలింది.
చిన్నప్పుడు తూనీగను పిడికిట్ల మూస్తే
కొట్టుకుంటది సూడు,
గట్ల.

ఇగ అప్పటిసంది గోడలు గూడ మాట్లాడుతయి.
ట్రాన్స్‌ఫార్మర్, నెమరేసే ఎద్దు.
డ్రిల్లు మిషను, కోపమొచ్చిన కందిరీగ.
ఒకపారి బంగారం బజార్ల నడిచిన, అద్దాల నిండ హారాలు,
నా వేలు కన్నెత్తి చూడలే.
షట్టరు కింద తుప్పువట్టిన మొల కనవడంగనే
లేచి కూసున్నది.

వీడియో కాల్ల గంగమణి అడిగింది, ఆ కట్టేంది అని.
"వేలికి కన్ను వచ్చింది, చూడకుండనే తెలుస్తది" అన్న.
ఆమె నా మొకమే చూస్తున్నది.
చేతుల్ల తునికాకు తిరుగుతనే ఉన్నది,
బీడీ మీద బీడీ,
తంబాకు పొల్లు ఒక్కటి కింద పడకుండ.
"గా మాత్రం దానికి కోసుకునుడెందుకు" అన్నది.

రాజలింగం తనకు వేరేది పెట్టుకున్నడు.
బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ
గేటు కార్డు నకలు, గాజు గొట్టంల.
చెయ్యి చూపిస్తే కుయ్యిమని గేటు తెరుచుకునేది,
నేపాలీ వాచ్‌మన్ ఉత్తగనే దండం పెట్టేటోడు.

మార్చిల కంపెనీ మస్తు కార్డులు రద్దు జేసింది.
వాడు చెయ్యి చూపిండు. ఎర్ర లైటు.
తుడుసుకొని చూపిండు. ఎర్ర లైటు.
కార్డయితే గుంజుకుందురు.
చెయ్యిని ఏంజేస్తరు?
ఒమాన్ల ఇంకో పని దొరికిందాక నా మంచం మీదనే పండిండు,
నేను కింద పరుసుకున్న.
పోయే రాత్రి ఆ గాజుల ఏదో కొత్తగ రాసుకున్నడు.
ఫోను ఆనిచ్చి చూసిన.
ఆర్మూర్ల, బాగైన ఫోను వెనక వాడు అతికిచ్చే చీటీ మాటలే:
*చెక్ జేసినం. ఓకే.*

జూలైల ఒక గోడౌన్ల
"లైన్ బంద్ జేసినం, పట్టుకో" అన్నడు సూపర్‌వైజర్.
టెస్టర్ వెలగలే.
వేలు మటుకు రెక్కలు కొడుతున్నది.
"పట్టుకోను" అన్న.
ఆరేండ్లల్ల ఆ మాట నా నోట్లకెళ్లి రాంగ
నాకే కొత్తగ వినవడ్డది.
పిచ్చోన్ని చూసినట్టు చూసి బోర్డు కాడికి పోయిండు,
జరసేపటికి వచ్చిండు.
ఏమనలే. నీళ్ల సీసా ఇచ్చిండు, సల్లటిది.

వీసా రెన్యువల్‌కు నెత్తురు తీసిండ్రు.
ఛాతీ పలకకు ఆనిచ్చి, ఊపిరి ఆపు అని
ఫొటో తీసిండ్రు.
లోపల అంత మంచిగనే ఉన్నదని ముద్ర కొట్టిండ్రు.
వేలి సంగతి ఎవ్వరడగలే.

జేబుల చెయ్యి పెట్టుకొని బయటికొచ్చిన.
చీకట్ల తడుముకుంట
గది తాళంచెవి
దానంతటదే వచ్చి అంటుకున్నది.