వరకు, లోపు

జుబైల్. టైమ్ ఆఫీసు కంటైనరు.
ఏసీ కింద బకెట్టు, అందులో చుక్కకో సెకను.

జూలై ఒకటి నుంచి ముప్పై ఒకటి వరకు
ఎవరెన్ని గంటలు చేశారో చెప్పమని క్వెరీ రాశాను.
ముప్పై ఒకటిన వెల్డింగు చేసినవాళ్లంతా మాయం.
మిషను లెక్కలో ముప్పై ఒకటంటే
ఆ తేదీ పుట్టిన క్షణం,
అర్ధరాత్రి గడప మీద బొటనవేలు.
అంతే.

మనం "వరకు" అంటే
గట్టు కూడా మన పొలమే.
దానికి, గట్టు తాకి ఆగిపోవడం.
మాట మార్చాను:
ఆగస్టు ఒకటి లోపు.
నూట నలభై మంది తిరిగొచ్చారు
తలా ఒకరోజు కూలీతో.

నైట్ షిఫ్టుది ఇంకో తంటా.
రాత్రి పదికి లోపలికి, పొద్దున ఆరింటికి బయటికి.
తేదీలు వదిలేసి గంటలు మాత్రం తీసివేస్తే
మైనస్ పదహారు.
పనిచేసి కంపెనీకే బాకీ పడ్డట్టు!

"రోజు మారేదెప్పుడు?" అని
సూడానీ మేనేజరు ఇద్రీస్‌ని అడిగాను.
"మగ్రిబ్‌తోనే మాకు రేపు" అన్నాడు.
మా మెట్‌పల్లిలో తెల్లారితేనే రేపు,
కోడి కూసేదాకా ఎంతసేపైనా ఈ రాత్రే.
సర్వరేమో గ్రీనిచ్ గడియారం పట్టుకొని
మూడు గంటలు వెనక నడుస్తుంది.
ఇన్ని రేపుల నడుమ
పైపుల మీద గొంతుకూర్చున్నవాడికి
గంటలు ఎనిమిదే.

వరస చివర బొల్లె గంగనర్సు.
ఇన్: ఇరవై రెండో తేదీ, తొమ్మిది యాభై ఎనిమిది.
ఔట్: ఖాళీ.
ఖాళీలోంచి ఏది తీసేసినా ఖాళీయే.

"సున్నా వేసెయ్" అన్నాడు ఇద్రీస్.

సున్నా అంటే చేయలేదని.
ఖాళీ అంటే తెలియదని.
నాకు తెలుసు.
రెండుంబావుకి పరంజా మీంచి జారాడు.
వ్యాను వెనక గేటులోంచి పోయింది,
ఆ గేటుకి వేలిముద్ర మిషను లేదు.

ఇరవై మూడు, ఉదయం ఆరు అని కొట్టాను.
ఇద్రీస్ కళ్లద్దాలు తీసి తుడిచాడు,
నేను సేవ్ చేసేదాకా
మళ్లీ పెట్టుకోలేదు.

శుక్రవారం ఆసుపత్రికి పోతే
కాలు పైకి కట్టించుకొని గంగనర్సు
ముందుగా అడిగింది అదే:
"అన్నా, ఆ రాత్రి పడ్డదా?"

పడ్డది.
తెల్లారేదాకా.