వేరు బుడిపె

రువైస్‌ల రెండేండ్లు
యూరియా సంచుల మూతులు కుట్టిన.
మిషను పాదం కింద
తెల్లటి గుండ్లు జలజల పారుతుంటె
యాభై కిలోలు, యాభై కిలోలు అని
నిద్రల కూడ లెక్కవెట్టేటోణ్ణి.

ఆ పొయ్యిల కాలేది గ్యాసు,
ఉడికేది గాలి.
గాలిని పట్టి, పిండి, గుండ్లు జేసి
ఓడకెక్కిస్తరు.
గవ్వే గుండ్ల కోసం
మా రాయికల్ సొసైటీ కాడ
నసుకుల్నే చెప్పులు వరుస కడతయి.
మా అక్క చెప్పులు, ఒకదానికి నీలం బద్దె, ఒకదానికి సుతిలి,
నేను కుట్టిన సంచి కోసమే
ఎండకు నిలవడ్డయో ఏమో.
కుట్టినోని పేరు సంచి మీద రాయరు గద.

కాంట్రాక్టు ఒడిసింది.
లివాల తోటపని దొరికింది.
ఇసుక గుట్టల నడుమ వల కప్పిన మడులు,
డ్రిప్పు పైపులు, ఉప్పెక్కిన బావి.
"లూబియా వెడదాం" అన్నడు ముహందిస్ రజబ్.
అదేం పంటో అనుకున్న.
గింజలు చేతిల వోస్తె నవ్వొచ్చింది:
మా బబ్బెర్లే. గదే నల్ల కన్ను.

ఓ పొట్లం గూడ ఇచ్చిండు.
బొగ్గుపిండి అసొంటి పొడి.
"ఇందుల ప్రాణముంది, ఎండ తగలనియ్యకు."
యూరియా ఎంత? అన్న.
"చిటికెడు. మొలక నిలదొక్కుకునెదాక."
యాభై కిలోల చెయ్యి నాది,
చిటికెడంటె నమ్ముతదా?

మొదటి మడికి దోసిళ్లతోని చల్లిన.
ఆకు నిగనిగలాడింది, తీగె వల దాటింది,
కాత మటుకు పిల్లి మీసాలంత.
పీకి చూస్తె వేర్లు నున్నగ,
నూనె రాసి దువ్విన తల లెక్క.
"కూసున్న కాడికి బువ్వ వస్తుంటె
పొయ్యి ఎవరు ముట్టిస్తరు?" అన్నడు రజబ్.

రెండో మడికి పొట్లం కలుపుదామనుకున్న,
పికప్ అద్దం ముంగట పెట్టి మరిచిన.
షఫీకుల్ నమాజు చేసి వచ్చేసరికి
లోపలి ప్రాణం వేగిపోయింది.
మాకెట్ల తెలుస్తది,
నల్లపొడి నల్లపొడి లెక్కనే ఉంది.
నెల తిరిగినంక ఆకులు చెప్పినయి, పసుపు రంగుతోని.

మూడోసారి పొట్లాన్ని ఫ్రిజ్‌ల
షఫీకుల్ చేపలకూర పక్కన పండవెట్టిన.
"ఇదేం మసాలా?" అని వాడు వాసన చూసిండు.
నల్ల నీళ్లల్ల క్లోరిను ఉంటదని
బకీటు మూత తీసి రాత్రంత బయట ఉంచిన.
మా నాయన విత్తనానికి బెల్లం నీళ్లు పట్టిచ్చేటోడు.
ఇక్కడ బెల్లం ఏడిది,
ఖర్జూర పాకం ఉంది.
జిగటజిగటగ కలిపి
గింజగింజకు కాటుక వెట్టినట్టు అద్ది
గోనె నీడకు ఆరబోసి
పొద్దుగూకినంక నాటిన.

నలభై రోజులకు
ఓ మొక్కను తడి ఇసుకతోనే మెల్లగ లేపిన.
వేర్ల నిండ బుడిపెలు,
ఆవగింజంతయి, జొన్నగింజంతయి.
ఒకదాన్ని బొటనగోరుతోని గిల్లిన.
లోపల ఎరుపు.
పండ్లు రాని పిల్ల చిగురంత ఎరుపు.

కూసున్న కాడ్నే ఉండిపోయిన.
రువైస్‌ల రాత్రీ పగలు మంట లేచే పని
ఇక్కడ సప్పుడు లేకుంట
కూలి కింద కొంచెం చక్కెర తీసుకొని
ఆవగింజంత గదిల జరుగుతున్నది.
దాని పాస్‌పోర్టు ఎవరూ గుంజుకోలే.

ఇంకో పది పీకి బుడిపెలు లెక్కవెట్టుమన్నడు రజబ్.
మూడు పీకిన.
లోపలి పని చూడాలంటె చెట్టు సావాలె గద,
చెయ్యాడలే.
మిగిలిన ఏడింటికి నోటికొచ్చిన అంకెలు చెప్పిన.
ఆయన రాసుకున్నడు. ఆయనకు తెల్వదా.

ఆ రాత్రి అక్కకు ఫోను చేసిన.
"పెసర్లకు పట్టించే పొట్లం దొరుకుతదా ఆడ?"
"అగ్రికల్చర్ ఆఫీసుల ఉంటదట, ఎవరడుగుతరు?"
"నువ్వడుగు."
"దానిక్కూడ చెప్పులు లైన్ల వెట్టాల్నా?"
అని పకపక నవ్వింది.
"చెప్పులు వద్దు గని
ఫ్రిజ్ ఉన్నోళ్లతోని దోస్తీ చేసుకో" అన్న.