నూరు లెక్కపెట్టు

బోర్డు మీద నాలుగు పేర్లు రాసింది లిప్సా.
ఒకటి చూడముచ్చటగా ఉంటుంది,
తలకింత అని నెలనెలా కట్టాలి.
ఒకటి ఉచితం, వెతికితే ఏదీ దొరకదు.
మూడోదాంట్లో బొమ్మలు కదుల్తాయి.
నాలుగోది వట్టి అక్షరాలు,
బండికింద కుక్కలా కోడు వెంటే తిరుగుతుంది.

గుణుపురంలో మా ఆఫీసు
జీడి గోడౌను మీది మేడ.
ఏం మాట్లాడుకున్నా మాడిన తొక్క వాసన.

జునేశ్ గమాంగ్ వాదనలోకి రాలేదు.
ఫోన్ తీసి ఒక ఫోటో ముందుకు తోశాడు.

పోయిన శ్రావణం.
వంశధార వంతెనని ముట్టింది. మూడు రోజులు నెట్ లేదు.
బిసోయి మిల్లులో లారీ దిగిపోయాక కూడా
కాటా పన్నెండు క్వింటాళ్ళు చూపిస్తోంది.
ఏం చెయ్యాలో నేనే రాశాను,
పదకొండు పేజీలు, విషయసూచికతో,
క్లౌడులో, తాళం వేసి.
ఆ రోజు లోకంలోని మబ్బులన్నీ మా నెత్తినే ఉన్నాయి,
నా పేజీలున్నది తప్ప.

ఫోటోలో ఎరువుల కేలెండరు వెనకవైపు.
రాత్రి డ్యూటీ తవిటినాయుడి చేతిరాత.
తెలుగే, ఒడియా లిపిలో.
లిప్సా చదివింది, అర్థం తెలీక.
పాతపట్నం కూర్మారావు విన్నాడు, లిపి రాక:

"ఎర్ర బటన్ ముట్టకు.
లావు తీగ పీకు.
నూరు లెక్కపెట్టు. మళ్ళీ పెట్టు.
సున్నా రాకపోతే జునేశుని లేపు."

కాసేపు ఫ్యాను చప్పుడొక్కటే.
లిప్సా మూడు పేర్లు చెరిపేసింది,
అరచేత్తోనే.

నేను కొత్త ఫైలు తెరిచి
పాతది పక్కన పెట్టుకుని చూస్తే
పదకొండు పేజీల్లో
ఎంతసేపు ఆగాలో
ఎక్కడా లేదు.