ఏడో గడి

రాజేంద్రనగర్‌ల చదువుకునే నస్రీన్ మేడం
నీలం అట్ట బుక్కొకటి నా చేతుల వెట్టి
"రోజూ రాయాలమ్మా, రేపటికి యాదికుండదు" అన్నది.
పేజీకి ఎనిమిది గళ్లు.
నాకు ఏడో తరగతి దాకనే చదువు.
అంకెలు మాత్రం ఎన్నడూ ఎదురు తిరగలే.

పీర్జాదిగూడ ఎనుక, మూసీ ఒడ్డుకు
పావుతక్కువ రెండెకరాలు. కౌలుది.
పాలకూర, చుక్కకూర, పుదీన,
మిగిలిన కాడ బర్లకు గడ్డి.
గట్టి పైసలు గడ్డి మీదనే వస్తయి,
కూరలోళ్లమనే చెప్పుకుంటం.

ఇదివరకు లెక్కంతా నడుముకు కట్టిన సంచిల ఉండేది.
సంచి బరువుంటే లాభం, తేలికైతే నష్టం.
సంచి అబద్ధమాడుతదని బుక్కు జెప్పింది:
ఇయ్యాల్సిన కౌలు ఇంక ఇయ్యలేదు గనుకనే
గా బరువు.

విత్తనం, యూరియా, కట్టలకు అరటినార,
మదన్నపేట మండికి ఆటో కిరాయి.
"చాయ్ సుత రాయాల్నా?"
"ఎవరికి పోసినవ్?"
"కూలోళ్లకు."
"అయితే రాయి."

రెండో తాప యూరియా సల్లితే ఆకు పెరిగింది.
మూడో తాపకు ఆకు అంతే ఉన్నది, పైసలే పోయినయి.
దీనికేదో పెద్ద పేరున్నదట.
కడుపు నిండినోనికి మల్ల వడ్డించినట్టే గదా అన్న.
మేడం నవ్వి, గా మాట తన బుక్కుల రాసుకున్నది.

మోటరు పాతగైతాంటే అది సుత ఖర్చేనట,
ఏటా ఇంతని తరుగు తియ్యాల్నట.
మరి నా మోకాళ్లో?
పైకి అనలే.

ఏడో గడి మీద రాసున్నది: ఇంటి మనుషుల పని.
"మాకు మేము పైసలిచ్చుకోం గదా మేడం!"
"ఇయ్యకున్నా ఖర్చే.
గదే పొద్దు పక్క చేన్ల కలుపు తీస్తే నీకెంతిస్తరు?"
"నాలుగు నూర్లు."
"అదే రాయి."

ఆరు నెలలు రాసిన.
జంగయ్యవి అరవై ఒక్క పొద్దు, మొగోళ్ల కూలి ఆరు నూర్లు.
నావి నూటయాభై ఎనిమిది, ఆడోళ్ల కూలి నాలుగు నూర్లు.
అయినా నాదే ఎక్కువొచ్చింది.

బొటనవేలు అడ్డం బెట్టి ఏడో గడి మూస్తే
నలభై ఎనిమిది వేలు లాభం.
వేలు తీస్తే
యాభై ఒక్క వెయ్యీ ఎనిమిది నూర్లు నష్టం.
మూసిన. తీసిన. మల్ల మూసిన.
అన్నం సల్లారింది.

ఉప్పల్ రోడ్డు మీద పొద్దుగూకినంక
పది రూపాయలకు మూడు కట్టలంటే
కారు దిగకుండ చెయ్యి సాపి
"కొసరెయ్యవా?" అంటరు.
ఏసేదాన్ని.
ఇన్నేండ్ల కొసరంతా ఏ గడిలకెళ్లి పోయిందో
ఇప్పుడు ఎరుకైంది.

జంగయ్యకు సూపిస్తే
"అంటే నేన్నీకు బాకీనా?" అని నవ్విండు.
"నువ్వు గాదు" అన్న.
మరి ఎవరో నేనూ చెప్పలే, ఆయనా అడుగలే.
తెల్లారి పుదీన మడి దున్నేసిండు.
మూడు నెలలసంది బుక్కుల నష్టం సూపిస్తున్న మడి అది,
నా కండ్లకు మాత్రం మస్తు పచ్చగుండేది.

ఏడో నెల మేడం బుక్కు సూడ వచ్చింది.
ఒక వరుస కాడ వేలు ఆగింది:
శుక్రారం. అర్ధ పొద్దు. గట్టు మీద కూసున్న. రెండు నూర్లు.

"ఇది పని కాదు గదమ్మా."
"కాదు బిడ్డా. కానీ రెండు నూర్లు పోయినయి గదా,
ఏ గడిల రాయాల్నో తెల్వక ఇండ్ల రాసిన."

ఆమె కొట్టెయ్యలే.
పెన్సిల్‌తోని పక్కన చిన్న చుక్క వెట్టి
వాళ్ల సారును అడుగుతనన్నది.