మూడు మిల్లీమీటర్ల పోగు

టువూంబాలో బుధవారం మధ్యాహ్నం,
మట్టి ల్యాబు.
గాజు పలక మీద నల్లటి ముద్దని
అరచేత్తో పోగులా పాముతున్నాను.
మూడు మిల్లీమీటర్ల సన్నానికి రాగానే
అది పొడిపొడిగా తెగాలి.
ముందే తెగితే తడి చాల్లేదని,
ఇంకా సాగితే తడి ఎక్కువైందని.
సరిగ్గా ఆ సన్నంలో తెగిందా,
అదీ దాని ఓర్పుకి హద్దు,
రాసుకో, అంటాడు డెస్.
ముప్పై ఏళ్ళుగా ఈ గది తాళాలు అతని నడుముకే.
కొలబద్ద ముట్టడు.
వెల్డింగు కడ్డీ ముక్కొకటి పక్కన పెట్టుకుని
కళ్ళు చికిలించి పోల్చి చూస్తాడు.

నిజానికి నేను మట్టి కోసం రాలేదు.
కౌన్సిల్లో తొమ్మిదేళ్ళు రోడ్డు గుంతలు లెక్కపెట్టాను.
ఆ లెక్కల కింద సంతకం పెట్టే చెయ్యి
ప్రతిసారీ ఇంకొకరిదే అవుతుంటే
నలభై రెండో ఏట వచ్చి చేరాను.
స్టాటిక్స్ నచ్చింది.
బలాలన్నీ కూడితే సున్నా రావాలంటుంది,
నెలాఖరున మా పద్దుల పుస్తకంలాగే.
హైడ్రాలిక్స్ నిద్రపోనివ్వలేదు.
స్ట్రక్చర్స్ మాస్టారు
భద్రతా గుణకం మీద రెండు గంటలు చెప్పాడు:
లెక్కంతా తేలాక
దాన్ని మళ్ళీ ఒకటిన్నరతో హెచ్చవేయాలట.
మా అమ్మ బియ్యం కొలిచాక
ఇంకో గుప్పెడు పోసి
"ఎందుకైనా మంచిది" అనేది.
ఆవిడకి ఒక్క పిడికిలి పట్టింది,
ఈయనకి పదకొండు స్లైడ్లు.

మట్టే లొంగలేదు.

డాక్టర్ క్లైన్‌ష్మిట్ తెర మీద ఒక గోడ చూపించింది.
కిటికీ మూల నుంచి కప్పు దాకా
మెట్లు మెట్లుగా చీలిక.
ఎంత వెడల్పో తెలియడానికి
అందులో దూర్చిన రెండు డాలర్ల నాణెం.
"ఎవరి డిజైను ఇది?"
ఎవరం మాట్లాడలేదు.
"నాదే. మా ఇల్లే.
పట్టా పుచ్చుకున్న మరుసటేడు కట్టాను.
లెక్కలో ఒక్క తప్పు లేదు.
మూడేళ్ళు వాన లేకపోతే ఏం చేస్తావని
మట్టిని అడగలేదంతే."

ఊరు కొండ మీద, ఎర్రనేల మీద.
పడమటికి దిగితే చూపానినంత మేరా నలుపు.
ఆ నలుపు పేరు బోర్డు మీద రాసింది:
రెగర్.
తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నోరు తెరుస్తుంది.
"ఏ భాష మాటో మరి, హిందీ కాబోలు."

చెయ్యెత్తాను.
సెమిస్టరు మొత్తంలో అదే మొదటిసారి.
"రేగడి," అన్నాను. "తెలుగు."
"మళ్ళీ చెప్పు."
"రేగడి."
మొదటి మాట చెరపలేదు.
దాని కింద నాది రాసింది,
రెండు సార్లు పలికి చూసింది,
డి దగ్గర నాలిక మడతపడక నవ్వేసింది.

నా పక్క బల్ల టెగన్‌కి ఇవేవీ పట్టవు.
డాల్బీ అవతల వాళ్ళవి జొన్నచేలు.
"వానకి కాలొక్కటే పైకొస్తుంది, బూటు రాదు.
ఎండకి పగుల్లో స్పానర్ పడిందా, ఇంతే సంగతులు.
నాన్నవి నాలుగు పోయాయి."
ఆదోనిలో నాదొక గోళీ పోయింది.
ఆకుపచ్చది.
బోర్లా పడుకుని చెవి ఆనించాను చాలాసేపు.
అడుగు తగిలిన చప్పుడు రాలేదు.

పోయిన వారం తొట్టిలో నింపిన మట్టిని
డెస్ ఓవెన్ లోంచి తీశాడు.
అంచులు వదిలేసి, విల్లులా వంగి,
పావు మీటరులో
ముప్పై తొమ్మిది మిల్లీమీటర్లు తగ్గిపోయింది.
"పాపం," అన్నాను తెలుగులో.
ఏమన్నావని అడగలేదతను.

ఐదుంబావు. నా పోగు తెగింది.
కడ్డీ పక్కన పెట్టి చూసి డెస్ తలూపాడు.
ముక్కలేరి పదిహేడో నంబరు డబ్బాలో వేసి
మూత బిగించి తూచాను.
కాగితం అడుగున
పరీక్షించినవారు అన్న చోట
నా పేరు పూర్తిగా రాశాను.
పక్కనే బొటనవేలి ముద్ర కూడా పడింది,
నల్లగా.
తుడవబోతే ఇంకాస్త పాకింది.